డీవీడీ ప్లేయరు వెనక ఏ వైరు?



ఈమధ్య చాలా ఇళ్లలో ఒకే రకం ఇబ్బంది కనిపిస్తోంది. హాల్లోకి 43 అంగుళాల కొత్త టీవీ వచ్చింది. బీరువాలో అమ్మాయి పెళ్లి డీవీడీలు, మనవడి అన్నప్రాశన డీవీడీ, ఇష్టంగా కొనుక్కున్న పాత సినిమాల డిస్కులు ఉన్నాయి. డీవీడీ ప్లేయరు కూడా లక్షణంగా పనిచేస్తోంది. తీరా రెండింటినీ కలుపుదామంటే ఏ వైరు ఎక్కడ పెట్టాలో అంతుపట్టదు. ఎలాగో పెడితే బొమ్మ నలుపు తెలుపుల్లో వస్తుంది, లేదా మసగ్గా వస్తుంది. ‘ప్లేయరు పాతబడింది, పారేయండి’ అంటారు ఇంట్లో కుర్రాళ్లు. ‘రెండు వేలు పెట్టి మంచి వైరు కొనండి, బొమ్మ అద్దంలా వస్తుంది’ అంటాడు దుకాణదారు. చాలాసార్లు ఈ రెండు సలహాలూ వినాల్సిన పనిలేదు. ప్లేయరు వెనక ఉన్న సాకెట్లలో ఏది దేనికో తెలిస్తే, కొన్ని వందల రూపాయల్లో పని అయిపోతుంది. ఈవేళ ఆ సాకెట్ల సంగతే మాట్లాడుకుందాం.

ముందుగా డిస్కులో ఉన్నదేమిటో చూద్దాం. డీవీడీ మొదట 1996 నవంబరులో జపాన్‌లోనూ, 1997లో అమెరికాలోనూ అమ్మకానికి వచ్చింది. మన దేశంలో వాడే పాల్ పద్ధతి డీవీడీలో ఒక్కో బొమ్మకు అడ్డంగా 720, నిలువుగా 576 చుక్కలుంటాయి. మొత్తం 4,14,720 చుక్కలు. ఫుల్ హెచ్‌డీ టీవీ తెర మీద ఉండే చుక్కలు 20,73,600. అంటే సరిగ్గా అయిదు రెట్లు. 4కె టీవీ అయితే సరిగ్గా ఇరవై రెట్లు. డిస్కులో ఒక్క చుక్క ఉన్నచోట కొత్త టీవీ ఇరవై చుక్కలు నింపుకోవాలి. ఆ పనిని ప్లేయరు అయినా చేయాలి, టీవీ అయినా చేయాలి. వైరు చేయలేదు. డిస్కులో ఉన్నదాన్ని చెడగొట్టకుండా టీవీకి చేర్చడం వరకే వైరు పని. ఇక వీసీడీ అయితే 352కు 288 చుక్కలే. ‘పాత వీసీడీ కొత్త టీవీలో మసగ్గా ఉంది, వైరు మార్చమంటారా’ అని అడిగేవారికి జవాబు ఇందులోనే ఉంది. మార్చినా లాభం లేదు.

ఇంకో సంగతి. డిస్కులో బొమ్మ ఒకే ముద్దగా ఉండదు, మూడు భాగాలుగా ఉంటుంది. ఒకటి వెలుగునీడలు, అంటే నలుపు తెలుపు బొమ్మ. మిగతా రెండు రంగులకు సంబంధించినవి. మన కన్ను వెలుగులో తేడాను పట్టినంత సూక్ష్మంగా రంగులో తేడాను పట్టలేదు. అందుకని వెలుగు భాగాన్ని పూర్తి వివరంతో ఉంచి, రంగు భాగాలను అడ్డంగా సగం, నిలువుగా సగం వివరంతో సరిపెట్టారు. డిస్కులోనే విడివిడిగా ఉన్న ఈ మూడింటినీ విడివిడిగానే టీవీకి చేర్చే దారి మంచి దారి. కలిపేసి పంపే దారి తక్కువ దారి. ఈ ఒక్క సూత్రం గుర్తుంటే చాలు, సాకెట్లలో మంచిచెడ్డలు మీరే తేల్చుకోగలరు.

ఇప్పుడు అందరికీ తెలిసిన మూడు పిన్నుల వైరు దగ్గరకు వద్దాం. ఎరుపు, తెలుపు, పసుపు. ఎరుపు కుడివైపు శబ్దం, తెలుపు ఎడమవైపు శబ్దం, పసుపు బొమ్మ. ఈ పసుపు పిన్ను దారిని కాంపోజిట్ వీడియో అంటారు. వెలుగు, రంగు అన్నీ కలిసి ఈ ఒక్క తీగ మీదే ప్రయాణం చేస్తాయి. ఇలా కలపడానికి ఒక చరిత్ర ఉంది. రంగుల ప్రసారాలు మొదలైనప్పుడు జనం దగ్గరున్న నలుపు తెలుపు టీవీలు మూలపడకూడదు. అందుకని నలుపు తెలుపు సంకేతాన్ని అలాగే ఉంచి, అందులోనే పై కొసన రంగును ఇమిడ్చారు. పాల్ పద్ధతిలో ఆ రంగు 4.43 మెగాహెర్ట్జ్ దగ్గర కూర్చుంటుంది. 1982లో దూరదర్శన్ రంగుల్లోకి మారినప్పుడు మన ఇళ్లలోని నలుపు తెలుపు టీవీలు కూడా అవే కార్యక్రమాలు చూపించగలగడం ఈ ఏర్పాటు చలవే.

ప్రసారానికి అది గొప్ప ఉపాయం. డీవీడీకి మాత్రం నష్టం. డిస్కులో విడిగా ఉన్నదాన్ని ప్లేయరు కలుపుతుంది, టీవీ మళ్లీ విడదీయాలి. పాలూ నీళ్లూ కలిపి పంపించి, వేరు చేసే పని హంసకు అప్పగించినట్టన్నమాట. టీవీలన్నీ హంసలు కావు. కొంత రంగు వెలుగులోకి, కొంత వెలుగు రంగులోకి జారిపోతుంది. మీ ఇంట్లో పెళ్లి డీవీడీ పసుపు పిన్నుతో చూస్తుంటే, పీటల మీద పెళ్లికూతురి పట్టుచీరలో సన్నటి జరీ గళ్లున్నచోట గమనించండి. ఆమె కదిలినప్పుడల్లా ఆ గళ్ల మీద చీరలో లేని వంకాయరంగు, ఆకుపచ్చ రంగు అలలు అలలుగా మెరుస్తాయి. సన్న చారల చొక్కా వేసుకున్న మామగారి మీదా అంతే. గళ్ల వివరాన్ని టీవీ రంగు అనుకుని పొరబడటం వల్ల వచ్చేవే ఆ అలలు. అలాగే ముదురు ఎరుపు, తెలుపు కలిసే అంచు వెంట సన్నటి చుక్కలు పాకుతున్నట్టు కనిపిస్తాయి. అక్కడ రంగును వెలుగనుకుని పొరబడింది. ఇవి కెమెరా లోపాలూ కావు, డిస్కు లోపాలూ కావు. పసుపు పిన్ను దారిలో పుట్టినవి.

దీనికన్నా ఒక మెట్టు పైది ఎస్-వీడియో. గుండ్రటి చిన్న సాకెట్, లోపల నాలుగు సన్నని పిన్నులు. ఇందులో వెలుగు ఒక తీగ మీద, రంగు ఇంకో తీగ మీద వెళ్తాయి. 1987లో వచ్చిన ఎస్-వీహెచ్ఎస్ వీడియో రికార్డర్లతో ఇది ప్రచారంలోకి వచ్చింది. జరీ గళ్ల మీద అలలు, అంచుల్లో చుక్కలు దీంతో పోతాయి. శబ్దం ఇందులో రాదు, ఎరుపు తెలుపు పిన్నులు విడిగా పెట్టుకోవాలి. మీ దగ్గర పాత డబ్బా టీవీయే ఉండి, దాని పక్కనో వెనకనో ఈ సాకెట్ ఉంటే తప్పకుండా వాడండి. కొత్త టీవీల్లో ఇది దాదాపు కనిపించదు.

ఆ పై మెట్టు కాంపోనెంట్. ఆకుపచ్చ, నీలం, ఎరుపు సాకెట్లు మూడు వరుసగా ఉంటాయి. పేర్లు చూసి చాలామంది ఆకుపచ్చ పిన్నులో ఆకుపచ్చ రంగు, నీలం పిన్నులో నీలం రంగు వెళ్తాయనుకుంటారు. కాదు. ఆకుపచ్చ పిన్నులో వెళ్లేది వెలుగు భాగం, అంటే పూర్తి నలుపు తెలుపు బొమ్మ. నీలం, ఎరుపు పిన్నుల్లో వెళ్లేవి రంగు భాగాలు. డిస్కులో మూడు భాగాలు ఎలా విడిగా ఉన్నాయో దాదాపు అలాగే మూడు తీగల మీద టీవీకి చేరతాయి. ఇక్కడొక చిక్కుంది. కాంపోనెంట్ బొమ్మకొక ఎరుపు పిన్ను, కుడివైపు శబ్దానికి ఇంకో ఎరుపు పిన్ను. రెండూ పక్కపక్కనే ఉంటాయి. తారుమారైతే బొమ్మలో రంగు చెడుతుంది, స్పీకర్లో గుర్రుమని మోత వస్తుంది. నీలం, ఎరుపు ఒకదాని చోట ఒకటి పెడితే మనుషుల ముఖాలు నీలం తిరుగుతాయి. భయపడక్కర్లేదు, సరిచేసి పెడితే చాలు.

కాంపోనెంట్ వైరు దొరకకపోతే ఏం చేయాలి? రెండు మూడు అడుగుల దూరానికైతే మామూలు మూడు పిన్నుల వైరునే వాడుకోవచ్చు. పిన్నుల రంగును పట్టించుకోకుండా, రెండు చివరలా ఒకే వైరు ఒకే రంగు సాకెట్‌కు వెళ్లేలా చూసుకోవాలి. ఉదాహరణకు పసుపు పిన్నును రెండువైపులా ఆకుపచ్చ సాకెట్‌లో పెట్టాలి. వీడియో వైరుకు ఉండాల్సిన అవరోధం (ఇంపిడెన్స్) 75 ఓములు. దూరం పెరిగితే ఆ లెక్కకు తయారైన వైరే తీసుకోవాలి. లేకపోతే అంచులు మసకబారతాయి.

కాంపోనెంట్‌తో ఇంకో వెసులుబాటు ఉంది. పాత టీవీ కోసం బొమ్మను సగం సగం గీతలుగా, సెకనుకు 50 సార్లు పంపేవారు. ఒకసారి బేసి గీతలు, ఒకసారి సరి గీతలు. పసుపు పిన్ను, ఎస్-వీడియో ఇలాగే పంపగలవు. కాంపోనెంట్‌లో 576 గీతలూ ఒకేసారి పంపే ప్రోగ్రెసివ్ స్కాన్ వీలవుతుంది. బల్లపరుపు టీవీకి ఇది పనికొస్తుంది. డబ్బా టీవీ ఉన్నవాళ్లు మాత్రం ఆ సెట్టింగు జోలికి వెళ్లొద్దు. పిల్లలు రిమోట్‌తో ఆడుకుంటూ పీ-స్కాన్ అనో, వీ-మోడ్ అనో రాసి ఉన్న బటన్ నొక్కేస్తారు. వెంటనే డబ్బా టీవీలో బొమ్మ చీలికలవుతుంది, లేదా తెర నల్లబడుతుంది. ప్లేయరు పాడైందని మెకానిక్ దగ్గరకు పరుగెత్తకండి. డిస్కు తీసేసి, అదే బటన్ మళ్లీ నొక్కి చూడండి.

బ్రిటన్‌లోనూ యూరప్‌లోనూ ఉన్న మనవాళ్ల ఇళ్లలో స్కార్ట్ అనే వెడల్పాటి 21 పిన్నుల సాకెట్ కనిపిస్తుంది. అందులో ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా పంపే ఆర్‌జీబీ సెట్టింగు ఉంటే అది కాంపోనెంట్‌తో సమానం. ఇక యాంటెన్నా సాకెట్ ఒక్కటే ఉన్న మరీ పాత టీవీ అయితే మాడ్యులేటర్ అనే చిన్న డబ్బా మధ్యలో పెట్టాలి. అన్నిటికన్నా కింది మెట్టు అదే.

ఇప్పుడు హెచ్‌డీఎంఐ. దీని మొదటి ప్రమాణం 2002 డిసెంబరులో వెలువడింది. చదునైన ఒకే ప్లగ్గు, లోపల 19 పిన్నులు. మూడు భాగాల బొమ్మ, శబ్దం, అన్నీ అంకెల రూపంలోనే వెళ్తాయి. మధ్యలో కలపడం లేదు, విడదీయడం లేదు. మీ ప్లేయరుకూ టీవీకీ రెండింటికీ హెచ్‌డీఎంఐ ఉంటే ఇక ఆలోచించాల్సిన పనిలేదు, అదే వాడండి. ప్లేయరు సెటప్‌లో రిజల్యూషన్ దగ్గర 576, 720, 1080 అని అంకెలుంటాయి. 1080 పెడితే చుక్కలు నింపే పని ప్లేయరు చేస్తుంది, 576 పెడితే టీవీ చేస్తుంది. ఎవరు బాగా చేస్తారనేది ఆ రెండు యంత్రాల మీద ఆధారపడి ఉంటుంది. ఒకే దృశ్యాన్ని రెండు విధాలా చూసి, మీ కంటికి ఏది బాగుంటే అది ఉంచుకోండి. బొమ్మ రాకపోతే ముందు టీవీ వేసి, తరువాత ప్లేయరు వేసి చూడండి. దొంగ కాపీలు తీసే వీల్లేకుండా ఈ రెండు యంత్రాలూ ముందు ఒకదాన్నొకటి గుర్తుపట్టాలి. ఆ గుర్తింపులో తేడా వచ్చినా తెర ఖాళీగా ఉంటుంది.

మరి ఖరీదైన హెచ్‌డీఎంఐ వైరు కొనాలా? అక్కర్లేదు. 8కె వైరు, 48 గిగాబిట్ల వైరు అని డబ్బా మీద రాసి అరచేతిలో వైకుంఠం చూపిస్తారు. డీవీడీ ప్లేయరు 1080లో పంపినా అందులో పదో వంతు కూడా వాడుకోదు. అంకెల సంకేతం చేరితే పూర్తిగా చేరుతుంది. చేరకపోతే తెర మీద మెరుపు చుక్కలు పడతాయి, లేదా బొమ్మ ఆగి ఆగి వస్తుంది. ఖరీదైన వైరుతో ఎరుపు ఇంకా ఎర్రగా, నలుపు ఇంకా నల్లగా రావడమనేది ఉండదు. గట్టిగా కూర్చునే ప్లగ్గు, మీటరున్నరో రెండు మీటర్లో పొడవు, అంతే చూసుకోండి. హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో గానీ, మీ ఊళ్లోని ఎలక్ట్రానిక్స్ దుకాణంలో గానీ మామూలు ధరకు దొరికేది చాలు. బంగారు పూత సంగతీ అంతే. దానివల్ల బొమ్మ మారదు. తుప్పు పట్టదు, అదే దాని ఉపయోగం. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో పాత ఏవీ (ఎరుపు, తెలుపు, పసుపు) పిన్నులు నల్లబడతాయి. అలాంటిచోట ఆ పూతకు కొంత అర్థముంది. నల్లబడిన పిన్నును, కరెంటు ఆపి, సాకెట్‌లో నాలుగుసార్లు అటూ ఇటూ తిప్పితే చాలాసార్లు బొమ్మ తేటపడుతుంది.

అసలు తలనొప్పి పాత ప్లేయరుకు కొత్త టీవీ తగిలినప్పుడు వస్తుంది. ప్లేయరుకు హెచ్‌డీఎంఐ లేదు. టీవీ వెనక పసుపు సాకెట్ విడిగా కనిపించదు. అప్పుడు మూడు దారులున్నాయి. మొదటిది, సగం పసుపు సగం ఆకుపచ్చ రంగున్న సాకెట్. కాంపోజిట్‌కూ కాంపోనెంట్‌కూ అదొక్కటే ఉమ్మడి. పసుపు పిన్ను అందులో పెట్టి, టీవీ సోర్సు జాబితాలో ఏవీ అని ఎంచుకోవాలి. అక్కడ కాంపోనెంట్ అని ఎంచుకుంటే టీవీ ఆ సాకెట్‌లో వెలుగు భాగం మాత్రమే వస్తోందనుకుంటుంది, రంగును పట్టించుకోదు. బొమ్మ నలుపు తెలుపుల్లో వస్తుంది. ఇందాక చెప్పిన నలుపు తెలుపు సమస్యలో సగానికి సగం ఇదే.

రెండోది, ఏవీ ఇన్ అని రాసి ఉన్న చిన్న గుండ్రటి రంధ్రం. ఇయర్‌ఫోన్ పెట్టే రంధ్రంలాగే ఉంటుంది, కానీ వేరు. దానికి టీవీతోపాటు ఒక చిన్న వైరు ఇస్తారు. ఒకవైపు సన్నటి పిన్ను, రెండోవైపు మూడు రంగుల సాకెట్లు. ఆ వైరు పోయి బయట ఇంకోటి కొంటే ఒక్కోసారి బొమ్మ రాదు. లోపలి తీగల వరుస అన్ని కంపెనీలకూ ఒకటి కాదు. అలాంటప్పుడు ప్లేయరు నుంచి వచ్చే పసుపు పిన్నును వంతులవారీగా మూడు సాకెట్లలోనూ పెట్టి చూడండి. ఎరుపు సాకెట్‌లో బొమ్మ వచ్చినా రావచ్చు.

మూడోది, పై రెండూ లేనప్పుడు కన్వర్టర్. ఏవీ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్ద డబ్బా. దీనికి కరెంటు కావాలి, టీవీ యూఎస్‌బీ సాకెట్ నుంచి ఇవ్వొచ్చు. కొనేటప్పుడు దిక్కు చూసుకోండి. హెచ్‌డీఎంఐ నుంచి ఏవీకి మార్చే డబ్బా కూడా అచ్చం ఇలాగే ఉంటుంది, అది మనకు పనికిరాదు. ఒకవైపు హెచ్‌డీఎంఐ ప్లగ్గు, రెండోవైపు మూడు రంగుల పిన్నులు ఉన్న ఉత్త వైరు కూడా చౌకగా అమ్ముతున్నారు. మధ్యలో ఏ యంత్రమూ లేని ఆ వైరుతో డీవీడీ ప్లేయరు బొమ్మ రాదు. కొనకండి. కన్వర్టర్ పెట్టినా బయల్దేరింది పసుపు పిన్ను నుంచే కాబట్టి, జరీ గళ్ల మీది అలలు అలాగే ఉంటాయి. హెచ్‌డీఎంఐలో పెట్టాం కదా, హెచ్‌డీ వస్తుందని ఆశపడొద్దు.

వైరు మీద పడే నిందల్లో కొన్ని వైరువి కావు. పెళ్లి డీవీడీలో అందరూ పొట్టిగా లావుగా కనిపిస్తే, 4:3 నిష్పత్తిలో తీసిన బొమ్మను 16:9 తెర సాగదీస్తోందని అర్థం. టీవీ రిమోట్‌లో పిక్చర్ సైజు 4:3 పెట్టండి. పక్కల నల్ల పట్టీలు వస్తాయి, మనుషులు మనుషుల్లా ఉంటారు. అద్దె డిస్కో, కొన్న సినిమా డిస్కో వేసినప్పుడు వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉంటే, ప్లేయరు వైరును పాత వీసీఆర్ మీదుగా టీవీకి కలిపారేమో చూడండి. కాపీ కాకుండా పెట్టిన రక్షణ అలా చేస్తుంది. వీసీఆర్‌ను పక్కకు తప్పించి నేరుగా కలపండి.

అమెరికాలో ఉన్న పిల్లలకు ఇక్కడి పెళ్లి డీవీడీ పంపితే అక్కడ ఆడలేదనే మాట కూడా తరచు వింటాం. అక్కడి పద్ధతి ఎన్‌టీఎస్‌సీ, 480 గీతలు. మన పాల్ డిస్కును అక్కడి ప్లేయర్లు చాలావరకు తీసుకోవు. కొన్న సినిమా డిస్కులకు పైగా ప్రాంతాల సంఖ్య కూడా ఉంటుంది, మనది 5, అమెరికా 1. దీన్ని ఏ వైరూ దాటించలేదు. వీడియోగ్రాఫర్‌ను ఎన్‌టీఎస్‌సీలో ఒక కాపీ చేసిమ్మని అడగండి, లేదా పిల్లలను కంప్యూటర్ డ్రైవులో వేసి చూసుకోమనండి.

చివరిగా సారాంశం. ప్లేయరుకూ టీవీకీ రెండింటికీ ఉన్నవాటిలో మొదట హెచ్‌డీఎంఐ, అది లేకపోతే కాంపోనెంట్, ఆ తరువాత ఎస్-వీడియో, ఏదీ కుదరకపోతే పసుపు పిన్ను. పసుపు నుంచి ఎస్-వీడియోకో కాంపోనెంట్‌కో మారితే తేడా కంటికి స్పష్టంగా కనిపిస్తుంది. కాంపోనెంట్ నుంచి హెచ్‌డీఎంఐకి మారితే తేడా కొద్దిగానే ఉంటుంది. కాబట్టి కాంపోనెంట్ చక్కగా పనిచేస్తున్నవాళ్లు హెచ్‌డీఎంఐ కోసమని కొత్త ప్లేయరు కొనక్కర్లేదు.

వైరు కొనడానికి వెళ్లేముందు ఒక చిన్న పని చేయండి. టీవీ వెనకవైపు ఒకటి, ప్లేయరు వెనకవైపు ఒకటి, ఫోనుతో రెండు ఫోటోలు తీసుకోండి. రెండింటి మధ్య దూరం కొలిచి రాసుకోండి. దుకాణంలో ఆ ఫోటోలు చూపించి, రెండింటిలోనూ ఉన్న మేలైన సాకెట్‌కు సరిపడే మామూలు వైరు ఇమ్మనండి. అంతకు మించి ఏదైనా అంటగట్టబోతే, వద్దని చెప్పి వచ్చేయండి.